పూలు అడిగిన ఉదయం

నిరుడు శ్రావణమాసం, రెండో ఆదివారం, ఉదయం ఎనిమిదిన్నర. కలకత్తా దగ్గర లిలువాలోని మా రైల్వే క్వార్టర్లో ఇది జరిగింది. వేళతో సహా చెప్పడానికి కారణం ఉంది. అది పట్టపగలు, నేను నిద్రమత్తులో లేను. దయ్యాలనూ మహిమలనూ అంతకుముందు నమ్మలేదు. ఈనాటికీ నమ్ముతున్నానని చెప్పలేను.

మా వంశంలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరిన నాటి నుంచి మా వాళ్లకు ఉద్యోగమంటే రైల్వే ఉద్యోగమే. తక్కినవన్నీ కాలక్షేపాలు. నాకేమో కలకత్తాకు అవతలి వైపున్న న్యూ టౌన్‌లో మ్యాపులు తయారుచేసే ఒక సంస్థలో పని వచ్చింది. సోమవారం లోపల అవునో కాదో చెప్పాలి. దానిని వదిలేసి మరో ఏడాది రైల్వే పరీక్షకు చదవమని నాన్న పట్టుబట్టారు. నేను ఆ ఆఫీసుకు వెళ్లి చూసి వచ్చాను, అక్కడి అమ్మాయిలతో మాట్లాడాను, పని ఎంతో నచ్చింది. అయినా ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయాను.

మా ఇంట్లో ఇలాంటి చిక్కు వస్తే అమ్మవారికి పూలు వేసి అడుగుతారు. ఎర్రపువ్వును ఒక ఆకులో, తెల్లపువ్వును మరో ఆకులో కట్టి పటం ముందు పెడతారు. ఒక్కో పువ్వు ఒక్కో దారికి; అడిగేవారు ఏది తీస్తే అదే అమ్మవారి మాట. కాలేజీలో నేను చదివిన భూగోళశాస్త్రం అలా వచ్చినదే. నమ్మకం లేకపోయినా నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. నిర్ణయం నా మీద పడకపోవడం హాయిగానే ఉండేది.

మామ్మకు వేళ్ల నొప్పులు. అందువల్ల ఆ ఉదయం పొట్లాలు నేనే కట్టాను. ఎర్రమందారం రైల్వేకు, నందివర్ధనం న్యూ టౌన్‌కు. మామ్మ కళ్లు మూసుకుని వాటిని అటూ ఇటూ మార్చింది. నాన్న టీ గ్లాసుతో గుమ్మంలో కూర్చున్నారు. గదిలో ఇంకెవరూ లేరు. ఫ్యాను కూడా ఆపి ఉంది.

ఒకటి తీసి ముడి విప్పాను. ఆకు ఖాళీ. రెండోది నాన్న విప్పారు. అదీ ఖాళీ.

ముడులు నేను వేసినవే. నందివర్ధనం తొడిమ నుంచి కారిన పాలు నా వేళ్లకు ఇంకా జిగటగా ఉన్నాయి. ఒక ఆకు లోపల మందారం పుప్పొడి పచ్చగా అంటుకొని ఉంది. పూలు మాత్రం లేవు. పీట కింద, పటం వెనుక, చివరికి మామ్మ చీర కుచ్చిళ్లలో సైతం వెతికాం.

నాన్న ముఖం పాలిపోయింది. మామ్మ ఒక్కతే నవ్వడం మొదలుపెట్టింది.

"అమ్మోరు నీకే ఒగ్గీసింది కదేటే. మరింక నువ్వే సెప్పు."

"న్యూ టౌన్‌కే వెళ్తాను" అన్నాను. అంత తేలికగా ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

నాన్న ఆ ఆకులు రెండూ మడిచి పక్కన పెట్టారు. తరువాత పర్మనెంటేనా అని అడిగారు. కాదన్నాను.

"పాసులిస్తారేటి?"

"ఇవ్వరు నాన్నా. టిక్కెట్టు కొనుక్కుంటాను."

"మనింట్లో టిక్కెట్టు కొన్నోలెవులూ నేరు" అన్నారు. అని, తామే నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నారు. కాసేపటికి వీధి మలుపులోని దుకాణం నుంచి సందేశ్ మిఠాయి తెచ్చి, మొదటి ముక్క నా నోట్లో పెట్టారు.

తరువాత మామ్మను ఎన్నోసార్లు అడిగాను. అమ్మవారి మీద ఒట్టు వేసింది. ఆ ముడులు విప్పి తిరిగి కట్టే శక్తి ఆమె వేళ్లకు లేదు. నేనే పొరపాటున ఖాళీ ఆకులు కట్టాననుకుంటే, ఆ పుప్పొడి ఎక్కడిది?

మారినది ఇది. నేను ఉద్యోగంలో చేరాను, సంతోషంగా ఉన్నాను. ఇంట్లో ఇప్పటికీ పూలు వేసి అడుగుతారు. నా విషయాలకు మాత్రం నేను అడగను. రిటైరయ్యాక ఎక్కడ ఇల్లు తీసుకుంటే బాగుంటుందని మొన్న నాన్న నన్ను అడిగారు. రెండు చోట్లూ చూసి వచ్చి, ఒకటి చెప్పాను.