తాళంచెవి తీసినా ఆగని ట్రాక్టర్

ఇది చదివాక మీరు నాకు సైకిలు కూడా అరువివ్వరు. పర్వాలేదు, చెప్పేస్తాను. ఒక గుడ్డసంచిని తగిలించకూడని చోట తగిలించి, నిండు చర్చిని గడగడ వణికించి, ఆ వణుకులో అందరికంటే ఎక్కువ నేనే వణికి, చివరికి మా పెద్దనాన్న కూటికే ఎసరు పెట్టబోయిన మహానుభావుణ్ణి నేను. ఈ ఘనకార్యమంతా ఒక్క పూటలో ముగించాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో మా ఇల్లు. అప్పట్లో డిగ్రీ చదువుతున్నాను, నాన్న స్కూటరు నడుపుతున్నాను. ఈ రెండింటిలో రెండోది బాగా చేస్తున్నాను. స్కూటరు వచ్చినవాడికి చక్రాలున్నవన్నీ వచ్చినట్టేనని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వెంటబెట్టుకుని కోత పండుగకు దమ్మపేట అవతల అడవి అంచున ఉన్న పెద్దనాన్న ఊరికి వెళ్లాను.

కోత పండుగంటే పంట ఇంటికొచ్చిన సంతోషంలో తొలి ఫలాలను చర్చికి కానుకగా తీసుకెళ్లే పండుగ. వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, ఎవరికి పండింది వాళ్లు తెస్తారు. పక్క ఊళ్లో ఉన్న చర్చికి మధ్యలో అడవి దాటి వెళ్లాలి. ఏటా ఆ కానుకలన్నీ మా పెద్దనాన్న దానియేలు ట్రాక్టర్ మీదే వెళ్లేవి. ఆయనకు భూమి కొంచెమే. ఇల్లు గడిచేది ట్రాక్టర్ కిరాయిలతో. నూర్పిళ్ల కాలంలో నలుగురు పిలిస్తేనే ఏడాదంతా పొయ్యి వెలిగేది.

అలాంటి మనిషి సరిగ్గా పండుగ ముందురోజు ట్రాలీ మీది నుంచి దిగుతూ క్లచ్చు తొక్కే కాలు బెణికించుకున్నాడు.

"రేపు కానుకలు ఎవలు తోల్కపోతరు?" అని పెద్దమ్మ ఎస్తేరమ్మ తల పట్టుకుంది.

"నేను తోల్త పెద్దమ్మా" అన్నాను.

"నీకు ట్రాక్టర్ వస్తదారా?"

"స్కూటర్‌కు రెండు చక్రాలు, దీనికి నాలుగు. పడిపోతమన్న భయం గూడ లేదు."

పెద్దనాన్న నన్ను ఎగాదిగా చూశాడు. వేరే దారి లేక, సాయంత్రం ఇంటి వెనక బీడులోకి తీసుకెళ్లి క్లచ్చు, గేరు, బ్రేకు అన్నీ చూపించాడు. నిజం చెప్పొద్దూ, బాగానే నడిపాను. బీడంతా తిప్పి తెచ్చి గేరు తీయగానే ఒక్క దూకు దూకి, "సూసినవా పెద్దమ్మా!" అంటూ వాకిట్లోకి పరుగెత్తాను. నేను అక్కడ గొప్పలు చెప్పుకుంటుండగా వెనకాల పెద్దనాన్న ఇంజను ఆపాడు. ఎలా ఆపాడో నేను చూడలేదు. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, నా కొంప ముంచింది ఇదే.

మర్నాడు పొద్దున ట్రాలీ నిండా కానుకలు ఎక్కించారు. వాటి మధ్య పెద్దమ్మ, పక్కింటి మార్తమ్మ కూర్చున్నారు. పెద్దనాన్నే ఇంజను వేసి దిగి, నన్ను ఎక్కించి, ఆ చప్పుడులో నా చెవి దగ్గర అరిచాడు.

"ఆపేటప్పుడు సూడు..."

"తెల్సు పెద్దనాన్నా! తాళంచెవి తిప్పుడే గదా!" అని నేనూ అరిచాను.

ఆ గోలలో ఆయనకు 'తెల్సు' అన్నంతవరకే వినబడింది కాబోలు, తృప్తిగా తలూపాడు. "మీరు నడువుండ్రి. నేను ఎవలదన్న మోటార్‌సైకిల్ మీద ఎనక వస్త" అన్నాడు.

అంతలో పెద్దమ్మ ట్రాలీలోంచి ఒక గుడ్డసంచి అందించింది. అందులో బైబిలు, పాటల పుస్తకం ఉన్నాయి.

"కింద పెట్టకు, కాళ్లు తగుల్తయి. పైన యాడన్న తగిలియ్యి."

చూద్దును కదా, స్టీరింగు పక్కన ఒక నల్లటి పిడి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ట్రాక్టర్ చేసినవాళ్లు నడిపేవాడి అవసరాలు ఎంత బాగా ఆలోచించారో అని మనసులోనే మెచ్చుకున్నాను. ఆ కొక్కేనికి సంచి తగిలించి, చొక్కా కాలరు సర్దుకుని బయలుదేరాను.

ఊరు దాటేదాకా నేను రాజును. అడవిలోకి ప్రవేశించాక నా రాజ్యం తగ్గుతూ వచ్చింది. ఇరువైపులా టేకు చెట్లు, వెదురు పొదలు. మనిషి జాడ లేదు. వెనక నుంచి మార్తమ్మ, ఇంజను చప్పుడును మించిన గొంతుతో పెద్దమ్మకు కబుర్లు చెబుతోంది. ఆ కబుర్లు ఇంకేవైనా అయితే బాగుండేది.

"వాగు మలుపుకాడ మొన్న ఎలుగ్గొడ్డు తిరిగిందట వదినా. గా మలుపే మంచిది గాదు. మా మామ ఎడ్లు గూడ ఆడికొస్తే అడుగు తియ్యకపోయేటియట."

ఆ మలుపు ఎంత తొందరగా దాటితే అంత మంచిదనుకుని వేగం పెంచాను. సరిగ్గా ఆ మలుపులోనే ట్రాలీ ఎగిరిపడింది.

"అరేయ్ ఆపు! గుమ్మడికాయ పడ్డది!" అని పెద్దమ్మ అరిచింది.

"ఈడనా?"

"పడ్డది ఈడనే గదరా!"

బండి నిలబెట్టి, గేరు తీసి, దర్జాగా తాళంచెవి తిప్పాను. ఇంజను ఆగలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఆగలేదు. ఇలా కాదని తాళంచెవి పూర్తిగా లాగేశాను. అది నా చేతిలో ఉంది. ట్రాక్టర్ మాత్రం డబడబమని కొట్టుకుంటూనే ఉంది.

స్కూటరుకు తాళంచెవి తీస్తే ప్రాణం పోతుంది. ప్రాణం తీసి చేత్తో పట్టుకున్నా బతికే ఉన్న బండిని నేను చూడటం అదే మొదటిసారి.

"ఏందిరా, బంద్ చెయ్యవేంది?" అంది పెద్దమ్మ.

వెనక్కి తిరిగి తాళంచెవి చూపించాను. మార్తమ్మ దాన్ని చూసింది, ఇంజనును చూసింది, గుండెల మీద చెయ్యేసుకుంది.

"తాళం నీ చేతులుంటే బండెట్ల నడుస్తాందిరా?"

"గదే నాకు తెలుస్తలేదు అత్తా!"

"ఓ ప్రభువా! చెప్తినా లేదా వదినా, గీ మలుపు మంచిది గాదని! దయ్యం సొచ్చింది బండిల!"

డిగ్రీ చదివేవాణ్ణి కదా, అలాంటివి నమ్మకూడదని నాకు తెలుసు. ఆ క్షణంలో నా కాళ్లకు మాత్రం తెలియదు. ముందు పారిపోదామనిపించింది. సాయం కోసం సంచిలోని బైబిలు తీసుకుందామని చెయ్యి చాచాను.

"సంచి ముట్టకు!" అని మార్తమ్మ కేక పెట్టింది. "అది ఆడుండబట్టే ఇంకా మనలను ఏం జేస్తలేదు. అది తీసినవంటే బండి మన మీదికి ఎక్కుతది!"

చెయ్యి నిప్పు తాకినట్టు వెనక్కి తీసుకున్నాను. ఆ సంచిని ఒక్కసారి పట్టి లాగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ దేవుడు మా కళ్లముందే తగిలించిపెట్టిన జవాబును మేము భక్తితో కాపాడుకున్నాం.

అప్పుడే పొదల్లో ఏదో కదిలింది. ఎలుగుబంటో, అడవిపందో, ఉత్త గాలో నాకు ఇప్పటికీ తెలియదు. గుమ్మడికాయను అడవికే కానుకగా వదిలేసి, తాళంచెవి జేబులో వేసుకుని, గేరు వేసి పరుగుపెట్టించాను. తాళం లేకుండా నడుస్తున్న బండి మీద కూర్చుని, అది నేను తిప్పిన వైపే వెళుతుందో లేదోనని ప్రతి మలుపులోనూ చచ్చి బతికాను. వెనక ఇద్దరు ఆడవాళ్లూ పాట అందుకున్నారు. అంత గట్టిగా, అంత వేగంగా ఆ పాట పాడటం నేను మళ్లీ వినలేదు.

చర్చి ముందు బండి నిలబెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, తాళంచెవి పైకెత్తి పట్టుకుని అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. అయ్యగారంటే మా పాస్టరుగారు, పెద్దాయన, జన్మంతా సైకిలు తొక్కినవాడు.

"అయ్యగారూ, తాళం తీసినా బండి నడుస్తాంది!"

మగవాళ్లు ఇంకా కళ్లాల దగ్గరే ఉన్నారు. అక్కడున్నది తోరణాలు కడుతున్న ఆడవాళ్లు, ముసలివాళ్లు. ట్రాక్టర్ ఆగటం అందరూ చూసినవారే, ఎలా ఆగుతుందో చూసినవారు ఒక్కరూ లేరు. గుంపు బండికి దూరంగా నిలబడింది. మార్తమ్మ వాగు మలుపు నుంచి మొదలుపెట్టి, పొదల్లో కదిలినదానికి కళ్లు, గోళ్లు కూడా పెట్టి చెప్పింది.

అయ్యగారు బండి వైపు ఒకసారి చూసి, "ప్రార్థన చేద్దాం నాయనా, అది మంచిదే గద" అని కళ్లు మూసుకున్నారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే లోకంలో ఎవరినీ వదలరు. రోగుల కోసం, రైతుల కోసం, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించి, పాటలు పాడించి, మళ్లీ మొదలుపెట్టారు. ఇంజను కొట్టుకుంటూనే ఉంది. నేను ఒక కన్ను తెరిచి బండిని చూస్తున్నాను. అప్పుడు నా వెనక మాటలు వినబడ్డాయి.

"రేపు మా కళ్లానికి దానియేలన్న బండినే చెప్పినం."

"ఇంకోటి సూస్కో అక్కా. గిసుంటి బండిని ఎవలు పిలుస్తరు?"

పెద్దమ్మ అది విన్నది. ఆమె ముఖం చూశాక నా భయం మారిపోయింది. అప్పటిదాకా నా ప్రాణం పోతుందని భయపడ్డాను. ఇప్పుడు ఆ ఇంటి పొయ్యి ఆరిపోతుందని భయమేసింది. దయ్యం బండి అన్న పేరు వచ్చిందంటే ఆ అడవి పల్లెల్లో ఒక్కరు కూడా పెద్దనాన్నను పిలవరు.

సరిగ్గా అయ్యగారు "ఆమెన్" అనగానే ఇంజను రెండు దగ్గులు దగ్గి టక్కున ఆగిపోయింది.

ఒకటే కేకలు, చప్పట్లు. నన్ను మోసుకెళ్లినంత పని చేసి చర్చిలోకి తీసుకెళ్లి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమని ముందు నిలబెట్టారు. అప్పటికి మగవాళ్లు కూడా వచ్చి చర్చి నిండిపోయింది. దయ్యం వదిలిందని అందరూ నమ్మితే బండికి మంచి పేరు తిరిగి వస్తుందని నాకు ఒక పాడు ఆలోచన తట్టింది. దాంతో రెచ్చిపోయాను.

"స్టీరింగు దానంతటదే తిరిగింది! లైట్లు ఎర్రగ మండినయి! నేను రెండు చేతులతోని గట్టిగ పట్టుకొని..."

గుమ్మంలో చేతికర్రతో పెద్దనాన్న కనిపించాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నా మాటలు విని, ముఖం చిట్లించి, కుంటుకుంటూ బయటికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆయన చేతిలో గుడ్డసంచి ఉంది. నేరుగా నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"గీ సంచి దేనికి తగిలించినవ్ రా?"

"గా నల్ల కొక్కేనికి, పెద్దనాన్నా."

"గది కొక్కెం గాదు. గది గుంజితెనే ఇంజన్ బంద్ అయ్యేది. తాళంచెవి స్టార్ట్ చేసేతందుకే. డీజిల్ అయిపోయి ఆగింది బండి."

నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అది సిమెంటు నేల, చీలలేదు.

"బండికి దయ్యం పట్టిందంటే రేపటి సంది నన్ను ఎవలు పిలువరు" అన్నాడు పెద్దనాన్న. "నా తమ్ముని కొడుక్కు తెలివి లేదంటే ఎవలకు నష్టం లేదు. జల్దీ చెప్పు."

చెప్పాను. సంచి, కొక్కెం, తాళంచెవి అన్నీ చెప్పాను. స్టీరింగు తిరగలేదని, తిరిగింది నా తలేనని కూడా చెప్పాను. చర్చిలో ముందు గుసగుస లేచింది, తర్వాత నవ్వు లేచింది, ఆ నవ్వులో అయ్యగారి గొంతు కూడా ఉంది. "ప్రార్థన వృథా పోలేదులే నాయనా. బండికని చేసినం, అది నీకు చేరింది" అన్నారాయన.

అయినా కొందరి ముఖాల్లో అనుమానం మిగిలే ఉంది. పెద్దనాన్న అందరినీ బయటికి రమ్మన్నాడు. ఎవరో డీజిల్ తెచ్చి పోశారు. డీజిల్ అయిపోయిన ఇంజనుకు గొట్టాల్లో గాలి పట్టేస్తుందట. ఆ గాలి పోయేదాకా ఒక చిన్న చేతి పంపు కొట్టే శిక్ష నాకే పడింది. చెయ్యి వాచిపోయేదాకా కొట్టాక ఇంజను అందుకుంది. మార్తమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"ఎక్కు. ఇప్పుడు ఆపు" అన్నాడు పెద్దనాన్న.

ఊరంతా చూస్తుండగా ఎక్కాను. ఆగకపోతే ఏమిటి నా గతి అని చివరి క్షణంలో కూడా అనుమానమే. నల్ల పిడి పట్టుకుని లాగాను. ఇంజను మంచి పిల్లలా ఆగిపోయింది.

సంఘమంతా ఒక్క గొంతుతో అంది: "ఆమెన్!"

కళ్లానికి ఇంకో బండి చూసుకుందామనుకున్న ఆవిడ ముందుకొచ్చింది. "దానియేలన్నా, రేపు పొద్దుగాల్నే మా కళ్లానికి బండి తోలుకురా. గా పిలగాన్ని మాత్రం ఇంట్ల కట్టేసి రా."

పెద్దమ్మ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. నన్ను నిజంగానే మర్నాడు ఇంట్లోనే ఉంచారు. కట్టెయ్యలేదు, అది వాళ్ల మంచితనం.

కాబట్టి, ఈ కథ చదువుతున్న మీ అందరి ఎదుట, ఆ చర్చి గుమ్మం సాక్షిగా, వాగు మలుపులో మొలకెత్తి ఉంటే ఆ గుమ్మడిపాదు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ యంత్రానికి ఎంత చక్కని కొక్కెం కనబడినా, నా సంచి నా భుజానికే ఉంటుంది. ఎవరైనా "ఆపేటప్పుడు" అని మొదలుపెడితే, నోరు మూసుకుని ఆ మాట చివరిదాకా వింటాను.