కుడిచేతి వేలి చుక్క

జగ్గమ్మ ఒడిశా నుంచి నౌపడ ఉప్పు మడుల్లో పనికి వచ్చి నలభై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కోడలు ఈశ్వరిని తన భాషలో ‘బోహూ’ అనే పిలుస్తుంది. వచ్చిన కొత్తలో ఓటెయ్యడానికి రెండుసార్లు వెళ్తే, జాబితాలో పేరు లేదు పొమ్మన్నారు. చివరికి సోములనే పార్టీ మనిషి ఆమె కోసం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి పేరు ఎక్కించాడు. అంతే, ఆ పార్టీ గుర్తు ఆమెకు ఇంటి దేవుడైపోయింది. సోములు పోయాడు, నాయకులు మారారు, మడుల వైపు తొంగి చూసినవాడు లేడు. జగ్గమ్మ మాత్రం మారలేదు.

ఈశ్వరి ఈ ఊరి పిల్లే. అత్తది ఆమెకు వట్టి చాదస్తంగా తోచేది. పైగా పొదుపు సంఘంలో ఎదుటి పార్టీకి పనిచేసే హేమ ముందు, మా ఇంటి ఓట్లన్నీ మీ పార్టీకేనని గొప్పకు పోయి మాటిచ్చేసింది.

మొన్నటి ఎన్నికల నాటికి జగ్గమ్మకు చూపు పూర్తిగా పోయింది. తోడుగా ఈశ్వరిని లోపలికి రానిచ్చారు. ఓటు ఎవరికి పడిందో బయట చెప్పనని సంతకం పెట్టించుకుని, తోడొచ్చిన గుర్తుగా ఆమె కుడిచేతి చూపుడువేలికి సిరా చుక్క పెట్టారు. అట్ట చాటున జగ్గమ్మ కోడలి చెవిలో, “మన గుర్తే, బోహూ” అంది. ఈశ్వరి ఊఁ కొట్టి, ఎమ్మెల్యేకీ ఎంపీకీ పెట్టిన రెండు యంత్రాల మీదా వేరే మీట నొక్కింది. కూత వినిపించిన రెండుసార్లూ జగ్గమ్మ దండం పెట్టుకుంది.

తీరా జగ్గమ్మ పార్టీయే గెలిచింది. ఆమె వీధందరికీ పంచదార పెట్టించింది. “పేరు నేదు పొమ్మన్నారు గదా నన్ను. ఇయాల నానేసినోడే గెలిసినాడు” అంది. పంచింది ఈశ్వరే. గెలిచారు కదా, పోయిందేముందని సర్దిచెప్పుకున్నా సిగ్గు తగ్గలేదు. ఈ ఊళ్లో ఆ మనిషి నాదని చెప్పుకోగలిగింది ఆ ఓటొక్కటే. దాన్ని తన చేత్తోనే దొంగిలించింది. ఆ చేత్తోనే రోజూ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే, గోరు మీది నల్లమచ్చ మెతుకుల మధ్య కనిపించేది.

చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. చెప్పనని సంతకం పెట్టాను కదా అని ప్రతిసారీ మూసుకుంది. అక్కడ ఇచ్చిన మాటల్లో అదొక్కటీ నిలబెట్టుకుంది.

మచ్చ పోయింది. మళ్లీ ఎన్నికలంటున్నారు. నిన్న ముద్ద పెడుతుండగా జగ్గమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఇంకెవుల్నీ నమ్మనే. ఈపాలి కూడా నువ్వే రావాల, బోహూ.”

ఈశ్వరి తలూపింది. తలూపితే ఆమెకు కనబడదని తర్వాత గుర్తొచ్చి, సరే అత్తా అంది.