నీళ్లు తాగని పడవ

మా ఆయనకు చెక్క పడవల పిచ్చి. పిచ్చి అనే మాట నేనేమీ తేలిగ్గా వాడటం లేదు. కాపురమంతా పక్కనుండి చూసినదాన్ని. కాలనీలో మిగతా ఇళ్లవాళ్లు ఎల్టీసీ పెట్టుకుని తిరుపతికో షిరిడీకో పోతే మేము నీళ్లున్న చోటికి పోయేవాళ్లం. అక్కడ చెక్క పడవ ఉండి తీరాలి. ఇనుపదో ఫైబర్‌దో కనబడితే ఆయన మొహం ముడుచుకునేవాడు. కిన్నెరసాని, పాపికొండలు, అలెప్పీ, ఒకసారి ఏకంగా శ్రీనగర్ పోయాం. అలెప్పీలో పడవ మీద పడుకుని కొబ్బరిచెట్లు చూస్తూ పోదామని నేను ఆశపడితే, ఆయన పడవవాళ్లను పట్టుకుని, మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో పలకలు ఎట్లా కుట్టారో చూపించమని వాళ్ల ప్రాణం తీశాడు. వాళ్లకు తెలుగు రాదు, ఈయనకు మలయాళం రాదు. చేతులతోనే మాట్లాడుకున్నారు. అన్నం చల్లారిపోయింది. శ్రీనగర్‌లో నేను చలికి వణుకుతుంటే ఆయన షికారా అంచును అరచేత్తో నిమురుతూ "దేవదారు కర్ర, చూడు ఎంత నున్నగ ఉందో" అన్నాడు. "నా చెయ్యి ఎన్నడన్న గట్ల నిమిరినవా?" అని అడిగాను. భాష తెలియకపోయినా ఆ పడవవాడు నవ్వాడు.

ఆయన బొగ్గుగనిలో పంపు ఆపరేటర్. గని అనగానే అందరికీ బొగ్గు తవ్వడమే గుర్తొస్తుంది. కానీ భూమి లోపల గోడల్లోంచి, కప్పులోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు పంపులతో పైకి పంపకపోతే పనిచేసే చోటు మునిగిపోతుంది. ఆయన సర్వీసంతా ఆ చీకట్లో పంపు పక్కన కూర్చుని నీళ్లు పెరగకుండా కాపలా కాయడమే. షిఫ్టు షిఫ్టుకీ నీళ్లతో కొట్లాడే మనిషి, సెలవు దొరికితే మళ్లీ నీళ్ల దగ్గరికే ఎందుకు పరుగెత్తుతాడో నాకు అర్థమయ్యేది కాదు.

"అవి లోపటి నీళ్లే. ఇవి బయటి నీళ్లు. వీటి మీద ఆకాశం ఉంటది," అనేవాడు.

ఉద్యోగం మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఇంట్లో నల్లా చుక్క కారితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. వానాకాలం క్వార్టర్ గోడ చెమ్మగిల్లితే అక్కడే నిలబడి, ఎక్కడినుంచి వస్తోందో తేలేదాకా నిద్రపోయేవాడు కాదు. నీళ్లు లోపలికి రావడమంటే ఆయనకు ఆపద. అంతే. మనసులో ఆ లెక్క మారలేదు. తర్వాత ఆయన కొన్న పడవను చెడగొట్టింది కూడా అదే.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం రేవులో మాకు తెలిసిన పడవాయన ఒకడుండేవాడు. మా ఆయనకన్నా చిన్నవాడు, నన్ను వదినె అని పిలిచేవాడు. వాళ్ల నాయన కాలంలో చేయించిన టేకు పడవ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఇంజను పెట్టిన ఫైబర్ పడవ కొనుక్కున్నాక దాన్ని ఒడ్డు పక్కన సగం నీళ్లలో వదిలేశాడు. ఒక సెలవునాడు మా ఆయన కంట అది పడింది. నల్లగా, పాచిపట్టి, లోపలంతా నీళ్లు నిండి ఉంది. నాకు పాత తొట్టి కనబడింది. ఆయనకు ఏం కనబడిందో మరి, రేవు మెట్ల మీదినుంచి లేవనంటాడు. నెల తిరగకుండానే కొనేశాడు.

"మనింట్ల ఫ్రిజ్జు తలుపు పడుతలేదు. గిప్పుడు పడవ గావాల్నా మనకు?" అన్నాను.

"రిటైరైనంక మనిద్దరం చలికాలమంత ఈడనే ఉందం. పొద్దుగాల ఫ్లాస్కుల చాయ్ పోసుకొని, పడవల కూసుండి, మెల్లగ పర్ణశాల దాక పోదం. నువ్ ముందల కూసో, నేను తెడ్డేస్త," అన్నాడు.

నాకు నీళ్లంటే భయం. ఇన్ని ఊళ్లు తిరిగినా పడవలో గుంజ పట్టుకుని మధ్యలో కూర్చునేదాన్నే తప్ప అంచుకు పోలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా ముందు కూర్చోబెడతానన్నాడంటే, నా మీద ఎంత నమ్మకమో అనిపించింది. సరేలే అన్నాను.

కొన్నాక ఆయన చేసిన మొదటి పని, ఆ పడవను నీళ్లలోంచి బయటకు లాగించడం. పడవాయన ఇంటి వెనక జాగా కిరాయికి తీసుకుని రేకుల షెడ్డు వేయించాడు. వారంలో సెలవు ఎప్పుడొస్తే అప్పుడు అక్కడే. పాచి గీకాడు. గరుకు కాగితంతో రుద్దాడు. పలకల సందులన్నీ పుట్టీతో కూరాడు. ఫోన్‌లో ఎక్కడివో విదేశాల వీడియోలు చూసేవాడు. కొండల మధ్య చెరువులు, ఒడ్డున చిన్న చిన్న ఇళ్లు, వాటి ముందు మొహం కనబడేంత మెరిసే చెక్క పడవలు. "అవి పడవలా, డ్రాయింగు రూము బల్లలా?" అని ఎగతాళి చేసేదాన్ని. మన పడవ కూడా అట్లా మెరవాలని వార్నీషు మీద వార్నీషు వేశాడు. అది ఆరిందాకా పక్కనే కూర్చునేవాడు.

పడవాయన మొదట్లోనే చెప్పాడు. "అన్నా, గిట్ల ఎండబెట్టకు. టేకైనా ఏదైనా నీళ్లు తాగుతుండాలె. వాడకపోతె ముంచిపెట్టాలె. అప్పుడే పలక ఉబ్బి సందులు మూసుకుంటయ్."

"పడవను ముంచుడేంది తమ్మీ?" అని మా ఆయన ఇంతెత్తున లేచాడు. "జిందగీ అంత నీళ్లు ఎల్లగొట్టిన. ఇప్పుడు నా చేతుల్తోటి నా పడవల్నే నీళ్లు పోయాల్నా?"

పడవాయన భుజాలు ఎగరేసి ఊరుకున్నాడు. అమ్మేసిన పడవ, ఆయనకేం పట్టింది. వాన పడితే షెడ్డు కింద కూడా మా ఆయన టార్పాలిన్ కప్పేవాడు. రెండు ఎండాకాలాలు దాటాయి, మూడోది కూడా. ఈ ఏడు దించుదాం అనడం, ఇంకొక కోటింగు పడాలి అనడం. పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. నాకు ఒళ్లు మండేది. "దానికి చీరె గూడ గట్టు," అన్నాను ఒకరోజు. నవ్వాడు కానీ బ్రష్షు వదల్లేదు.

రిటైరయ్యాడు. ఆ చలికాలం దించుదామనుకుంటుండగానే దగ్గు మొదలైంది. మెట్లు ఎక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, ఆ తర్వాత కూర్చున్నా ఆయాసమే. ఖమ్మంలో దవాఖానాలో చూపించాం. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయన్నారు. ఆక్సిజన్ పెట్టుకుని ఇంట్లోనే ఉంచుకోమన్నారు. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు అనే తీరులోనే సంగతి తెలిసిపోతుంది. నేను వరండాలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. లోపలికి పోయేసరికి ఆయన మాస్కు పక్కకు జరిపి, "పడవ నీళ్లల్ల దించుదమే. ఒక్కసారి ఎక్కుత," అన్నాడు.

అది తప్ప ఇంకేమీ అడగలేదు. మా కూతురు వద్దంటే వద్దంది. దుమ్ముగూడెంలో ఏమన్నా అయితే ఎట్లా అని నాతో పోట్లాడింది. ఇంట్లో ఉంటే మాత్రం ఏం కాకుండా ఉంటుందా అని నేనూ గట్టిగానే అన్నాను. చివరికి తనే సెలవు పెట్టి, కారులో సిలిండర్లు వేసుకుని మమ్మల్ని తీసుకుపోయింది. రేవు దగ్గర ఒక గది కిరాయికి తీసుకున్నాం.

నలుగురు మనుషులు పడవను మోసుకెళ్లి నీళ్లలో పెట్టారు. ఎండలో అది నిజంగానే వీడియోల్లో పడవలాగే మెరిసింది. ఆయన మొహంలో ఆనందం చూసి, ఇన్నాళ్లూ ఎందుకు సతాయించానా అనుకున్నాను. చూస్తూ చూస్తుండగానే లోపలికి నీళ్లు వచ్చేశాయి. ఒక చోట కాదు, ప్రతి సందులోంచీ. ఎండి ఎండి పలకలు కుంచించుకుపోయాయి, పుట్టీ పెళ్లలు పెళ్లలుగా ఊడి తేలింది. ఆయన కుర్చీలోంచి లేచి, "నీళ్లు తోడుండ్రి, తోడుండ్రి!" అని అరుస్తూ నాలుగడుగులు వేసి ఊపిరందక కూలబడ్డాడు. ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది. పడవ గిడవ వదిలేసి అందరం ఆయన చుట్టూ చేరాం.

ఊపిరి సర్దుకున్నాక పడవాయన పక్కన గొంతుక్కూర్చుని, "ముంచుదాం అన్నా. కొన్ని రోజులు మునిగితె మూసుకుంటయ్," అన్నాడు.

ఆయన మొహం అటు తిప్పుకుని "ముంచు" అన్నాడు. పడవాయన రాళ్లు పెట్టి పడవను అడుగుకు దించుతుంటే ఆయన చూడలేదు. మా ఆయన కళ్లలో నీళ్లు నేను చాలా తక్కువసార్లు చూశాను. అది ఒకసారి.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే రేవులో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, మునిగిన పడవ ఉన్నచోటు చూస్తూ కూర్చునేవాడు. నీళ్ల మీదికి ఒక కొన మాత్రం కనబడేది. అవతలి ఒడ్డున అడవి, ఇసుక తిన్నెల మీద కొంగలు. సంతకు పోయే కోయ ఆడవాళ్లు ఫైబర్ పడవ దిగి తమ భాషలో ఏదో మాట్లాడుకుంటూ మా పక్కనుంచి పోయేవాళ్లు. "తాగుతున్నదంటవా?" అని అడిగేవాడు. తాగుతున్నదనే చెప్పేదాన్ని. రోజురోజుకూ ఆయన గొంతు సన్నబడుతోంది. నదికన్నా ముందు ఆయన ఎండిపోతాడేమోనని నాకు భయంగా ఉండేది.

పడవను పైకి తీసిన పొద్దున ఆయన గదిలో నిద్రపోతున్నాడు. పడవాయన నీళ్లు తోడేసి కాసేపు తేల్చి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"వదినె, పక్క పలకలు మంచిగనె మూసుకున్నయ్. అడుగుది మూసుకుంటలేదు. నేనే మూసుకుంటదనుకున్న. శానా ఏండ్లు ఎండింది, మీదికెల్లి వార్నీషు. ఇగ ఆ పలక నీళ్లు తాగది."

"ఆయనకు చెప్పకు," అన్నాను.

"ఎక్కితె తెల్వదా? కాళ్లు తడుస్తయ్ గద."

మా ఆయన చేతులతోనే ఆ పడవ చచ్చిపోయిందని ఆయనకు తెలియకూడదు. నాకు అప్పుడు వేరే ఆలోచన లేదు. ఆయన లేచి, కూతురు పట్టుకుంటే మెల్లగా రేవుకు వచ్చి కూర్చోగానే, "ముందు నేనెక్కి చూస్త. మంచిగుంటె రేపు నువ్వెక్కు," అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు. నీళ్లంటే నాకున్న భయం ఆయనకు తెలుసు కదా. "అవ్, పోయి రా," అన్నాడు.

ఎక్కాను. పడవాయన వెనక నిలబడి తెడ్డు వేశాడు. ఒడ్డు కాస్త దూరం కాగానే అడుగునుంచి చల్లటి నీళ్లు పాదాల మీదికి వచ్చాయి. అందుకోసమే పైట చాటున ఒక స్టీలు గిన్నె తెచ్చుకున్నాను. ఒడ్డుకు వీపు పెట్టి, అవతలి వైపుకు తోడి పోస్తూనే ఉన్నాను. భయం ఏమైపోయిందో తెలియదు. చెయ్యి ఆగితే పడవ కిందికి పోతుంది, పడవ పోతే ఆయన చూస్తాడు, ఆ ఒక్క మాటే బుర్రలో. నడి గోదారి ఎట్లా ఉందని ఎవరన్నా అడిగితే చెప్పలేను. నేను చూసింది పడవ అడుగు, గిన్నె, నా చేతులు. "చాలు వదినె, తిప్పుతున్న," అని పడవాయన అన్నాక కూడా ఆపలేదు.

ఒడ్డున దిగి, మొహానికి నవ్వు తెచ్చుకుని ఆయన దగ్గరికి పోయాను.

"నీళ్లొచ్చినయా?" అని అడిగాడు.

"చుక్క గూడ రాలే."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత చూపు కిందికి దిగింది. నా చీర మోకాళ్లదాకా తడిసి, కుచ్చిళ్లలోంచి నీళ్లు ఇసుకలోకి కారుతున్నాయి. అది నాకు అప్పటిదాకా తట్టనేలేదు. గోడ మీద చెమ్మను కూడా పట్టేసే మనిషి. "మంచిగనె చేసినం అయితె," అని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు చలిగా ఉందన్నాడు. ఆ మర్నాడు గాలి ఉందన్నాడు. తర్వాత ఓపిక లేదన్నాడు. పడవ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయాసం ఎక్కువై మళ్లీ ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం.

అక్కడ ఒక మధ్యాహ్నం, కూతురు మందులకు పోయినప్పుడు, మాస్కు తీయమని సైగ చేశాడు. తీశాను.

"నువ్వు నడి గోదాట్లున్నప్పుడు చెయ్యి ఊపిన. జూసినవా?"

"జూసిన," అన్నాను.

"యాడ జూసినవే," అన్నాడు. కోపమేమీ లేదు ఆ గొంతులో. "శానాసేపు ఊపిన. బిడ్డ వద్దన్నా ఊపిన. ఒక్కసారన్న తలెత్తకపోతివి."

మాస్కు మళ్లీ పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను.