అతుకు వెంట తెల్ల గీత

“ఈ బాయిలర్ గది గోడకి అవతల ఏముంది?”

“పిల్లల గది మామా. తల్లులు పనిలో ఉన్నంతసేపూ పిల్లల్ని అక్కడే ఉంచుతారు. మా పాప కూడా అక్కడే.”

ఆయన గోడకి అరచెయ్యి ఆనించాడు. “నాకు భయంగా ఉందమ్మాయ్,” అన్నాడు.

నలభై ఏళ్లు బాయిలర్ల కడుపుల్లో దూరి పనిచేసిన మనిషి నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

మిల్లులో అందరికీ ఆయన చెవిటి మామ. ఇనుప డ్రమ్ముల్లో కూర్చుని, పలకల్ని కలిపి బిగించే రివెట్ల మీద సుత్తి దెబ్బలు వినీ వినీ, ముప్పై నిండకముందే చెవులు సగం పోయాయి. ఆయనకి గుట్టు చెప్పడమంటే వీధిలో దండోరా వేయించడమేనని ఆయన భార్య నవ్వేది. “చెవులు పోతేనేం, మణికట్టు ఉందిగా,” అనేవాడాయన.

నేను చదివింది రసాయనశాస్త్రం. బాయిలర్ నీళ్లు పరీక్షించి, లోపల తుప్పు పట్టకుండా ఎంత కాస్టిక్ సోడా కలపాలో చెప్పడం నా పని. పెద్ద బాయిలర్ డ్రమ్ము అతుకు దగ్గర చెమ్మ కారుతోందని ఆపేశారు. పాత రివెట్ల తలలు తొలిచి తీసి, కొత్తవి బిగించాలి. గడువు నాలుగు రోజులు. అందుకోసం కొత్త డ్రిల్లు తెప్పించారు. అయస్కాంతంతో ఇనుముకి కరుచుకుంటుంది, కరెంటుతో తిరుగుతుంది, మొన వేడెక్కకుండా నూనె కలిపిన నీళ్లు ధారగా పోస్తుంది. జాబితాలో అంకెలు చూసి దాన్ని ఎంపిక చేసింది నేనే.

మామ దాన్ని ఎత్తి చూసి పక్కన పెట్టేశాడు.

“పెద్దాయనా, అది రోజుకి అరవై తొలుస్తుంది,” అన్నాడు మేనేజరు.

“తొలుస్తుంది బాబూ. గుడ్డెద్దు చేలో పడ్డా తెగ మేస్తుంది.”

“మరి మీ గాలి డ్రిల్లో?”

“పదిహేను. కానీ ఏం తొలుస్తున్నానో నా చేతికి తెలుస్తుంది. ఆ నూనె నీళ్లు కూడా వద్దు, పొడిగానే తొలుస్తా. ఇనుము ఏం కక్కుతుందో చూడాలి.”

“చెవుడన్నారు, నా మాటలన్నీ బాగానే వినబడుతున్నాయే.”

“తిట్లు వినబడతాయి. జీతం పెంచుతామన్న మాటే ఇంతవరకూ వినబడలేదు.”

మర్నాడు పొద్దున పలకల మీద మోకాళ్లూని, డ్రిల్లుని భుజంతో అదిమి మొదలుపెట్టాడు. నేను దీపం పట్టుకున్నాను. మొదటి మూడు రివెట్ల నుంచి ఇనుము మెరుస్తూ చుట్టలు చుట్టలుగా వచ్చింది. నాలుగోదాని దగ్గర ఆయన చెయ్యి ఆగింది. పావు వంతు కూడా తొలవకముందే, పుట్టగొడుగు తుంచినట్టు, తల ఊడి పలక మీద దొర్లింది. దాని కింద తెల్లటి పొడి.

అలవాటుగా గుడ్డతో తుడవబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ తెలుపు నాకు కొత్త కాదు. ప్రతి వారం అతుకు వెంట సన్నటి గీతలా కనబడేది. ఉప్పునీటి మరకేగా అనుకున్నాను. పైవాళ్లు చూడటానికి వస్తున్నారంటే దగ్గరుండి తుడిపించేదాన్ని.

చిటికెడు పొడి నీళ్లలో కలిపి, క్షారాన్ని పట్టిచ్చే ఫినాల్ఫ్తలీన్ చుక్క వేశాను. ముదురు గులాబీ రంగు. సోడా. నేను లెక్క చూసి కలిపించిన సోడాయే. రివెట్ల సందులోకి ఊరిన నీరు ఆవిరైపోతే సోడా అక్కడే చిక్కబడి, లోలోపల ఉక్కుని పగలదీస్తూ వచ్చింది.

సాయంత్రానికి పదిహేను తొలిచాడు. తొమ్మిదింటి తలలు వాటంతట అవే ఊడాయి. గోడ అవతల ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. ఆయనకి వినబడదు. నాకు వినబడుతోంది. గోడకి అవతల ఏముందని ఆయన అడిగింది అప్పుడే.

మేనేజరు వచ్చాడు. “ఊడినవి మార్చేసి, మిగతావి సుత్తితో బిగించండి. సోమవారం వెలిగిద్దాం.”

“వెలిగిస్తా బాబూ. ముందు మీ కుర్చీ ఆ పిల్లల గదిలో వేయించండి, ఈ గోడకి ఆనించి. మీరు కూర్చున్నాక కబురు పెట్టండి. అగ్గిపుల్ల నేనే గీస్తా.”

మేనేజరు గోడ వైపు చూశాడు. కుర్చీ వేయించలేదు.

బాయిలర్ వెలగలేదు. వారం తర్వాత అతుకు విప్పితే, ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి వెంట్రుకంత పగుళ్లు, వరసగా, జానెడు మేర తప్ప అతుకు మొత్తం. వెలిగించి ఉంటే డ్రమ్ము పేలిపోయేది.

ఆరోజు మామ డ్రిల్లుకి నూనె రాస్తుంటే అడిగాను. “ఆ కరెంటుదే వాడి ఉంటే?”

“ఆ నీళ్లు పొడినంతా శుభ్రంగా కడిగేసేవి. కొత్త రివెట్లు కొట్టి, భుజాలు తట్టుకుని ఇంటికెళ్లేవాళ్లం.” నా చేతిలోని గుడ్డ వైపు చూశాడు. “శుభ్రం మంచిదే అమ్మాయ్. కానీ తుడిచే ముందు ఒక్కసారి చూడు.”

మొన్న పాప పాలు కక్కింది. గుడ్డ చేతిలోనే ఉంది. ముందు దీపం దగ్గరికి తెచ్చి, వంగి, రంగు చూశాను.