రాగి హండా తాగిన వేడి

వెంకటరాయప్ప మేష్ట్రుకు ఒకటే పిచ్చి. ఏది కాగుతున్నా ఆయన గిన్నె తరఫున మాట్లాడేవారు.

చింతామణి హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పేవారు, నేను కన్నడం. నీళ్ళు కాగడానికి ఎంత వేడి కావాలంటే పిల్లలు నీళ్ళకు మాత్రమే లెక్క వేసేవారు. ఆయన మొహం చిన్నబోయేది. "గిన్నె ఏం పాపం చేసిందప్పా? అదీ కొంచెం తాగుతాది. దాని వాటా కలపండి." నిజానికి రాగి తాగేది, అంతే బరువున్న నీళ్ళు తాగేదాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఆ పిసరు మరిచిపోతే మార్కు సున్నా. ఆ పదో వంతు మాట విని విని నేను కూడా కలవరించేవాణ్ణి.

బయ్యప్ప హోటల్లోనూ ఇదే గోల. "కాఫీ చల్లని లోటాలో పోసినావే! అది తాగినంక మిగిలింది నాకా?"

"ఇంకో గుక్క పోస్తాను. లోటాను మాత్రం తిట్టొద్దు మేష్ట్రప్పా!"

జ్వరమొస్తే డాక్టరు నూట రెండన్నాడు. మేష్ట్రు కంబళిలోంచి మూలిగారు. "థర్మామీటరు గాజు తాగింది కూడా కలుపుకోండప్పా."

ఇంట్లో ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ గారు, "నీళ్ళు కాగినాయి, రాండి" అంటే, "నీళ్ళేనా? అవి కాగిన రాగి హండా?" అనేవారు.

"దానికీ తలంటాలా ఏం?" అనేదామె.

ఆ ఏడు చలి అంబాజీదుర్గం కొండ దిగివచ్చి ఊళ్ళోనే కాపురం పెట్టింది. మేష్ట్రు ఇంటి గోడ అవతలే బీద పిల్లల హాస్టలు. అక్కడ వంట అక్కయమ్మది. కట్టెల్లో నాలుగో వంతు మాయమవుతోందని హాస్టలు అధ్యక్షుడు మునిశామప్ప పంచాయితీ పెట్టాడు.

"నీళ్ళకు ఇన్ని కట్టెలు చాలని అంచనా ఉండాది. మిగిలినవి యాడికి పోయినాయమ్మా? దొంగతనమని తేలితే ఈ పొద్దే నీ పని పోతాది. మేష్ట్రూ, మీరు లెక్కలో తప్పని మనిషి. మీరే చెప్పండి."

అక్కయమ్మ ముందుకొచ్చింది. "అప్పా, ఆ కట్టెలు నేనే..."

"నువ్వుండమ్మా!" మేష్ట్రు గద్దించారు. బొగ్గు తీసి వంటింటి గోడ మీద గీశారు. "నీళ్ళు అరవై సేర్లు. ఈ రాగి హండా బరువు ఇరవై. కాగాల్సింది ఎనభై. మీరు అరవైకే అంచనా వేస్తిరి. ఆ నాలుగో వంతు తిన్నది అక్కయమ్మ కాదు, హండా!"

రాగికి నీళ్ళతో సమానంగా వేడి ఇచ్చేశారు! ఆ లెక్క పిల్లవాడు చేసి ఉంటే బెంచీ ఎక్కించేవారు.

మునిశామప్ప హండాను భయంగా తట్టి చూశాడు. "ఇంత తాగుతాదా ఇది? చూస్తే ఏమీ ఎరగనట్ల ఉండాదే! సరే, రేపటినుంచి దాని వాటా కట్టెలు కూడా రాయండప్పా."

అందరూ వెళ్ళాక ఆయన్ను పక్కకు లాగాను. "మేష్ట్రూ, రాగికి పదో వంతు కూడా..."

"కన్నడం చెప్పేవాడివి, నీకు సైన్సు ఏంటికప్పా?" అంటూ ఎర్రబడ్డారు. నా చెయ్యి పట్టుకుని హాస్టలు వెనక్కి నడిపించారు.

అక్కడ పాకలో అక్కయమ్మ కూతురు అంజనమ్మ, పచ్చి బాలింత. మూడు రాళ్ళ పొయ్యి మీద చిన్న కుండ, కింద హాస్టలు తుమ్మ కట్టెలు. సుబ్బలక్ష్మమ్మ గారు కాళ్ళు చాపుకుని పసిగుడ్డుకు నీళ్ళు పోస్తోంది. పొగ, పసుపు వాసన, ఆ చిన్ని ఏడుపు కలిసి పాకంతా ఉదయంలా ఉంది.

"మీ ఆయన గోడంతా అబద్ధం రాసినారమ్మా" అన్నాను.

"రాయమని నేనే తరిమితిని. మొగుడు లేని ఇల్లు, ఈ చలికి బిడ్డ బతకొద్దా?" అని ఆమె బిడ్డను తుడిచి మేష్ట్రు చేతిలో పెట్టింది. బిడ్డ ఏడుపు ఆపి, ఆయన్ను తీరిగ్గా చూసి, ఇస్త్రీ పంచ మీద ధారగా పోసింది.

"ఎంత వేడి ఉండాది మేష్ట్రూ?" అన్నాను.

"నవ్వింది చాలు గానీ, పోయి ఇంకో పంచ తేప్పా," అన్నారాయన, బిడ్డను మాత్రం దించకుండా.