పక్కింట్లో మా తాళంచెవి

ఇంట్లో సామాను తగ్గిద్దామని పాతవన్నీ వదిలించుకున్నాం, ఆఖరికి తాళంచెవి కూడా. సూర్యాపేటలో మా ఫ్లాటు తలుపు ఇప్పుడు ఫోనుతోనే తెరుచుకుంటుంది. నిన్న సాయంత్రం గుమ్మం ముందు నిలబడగానే ఫోనులో చార్జింగ్ అయిపోయింది. మా ఆవిడేమో మిర్యాలగూడలో ఉంది. ఆమె నంబరు కూడా ఆ ఫోనులోనే ఉంది.

మీకూ గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోయేవాళ్లు. మునగాలలో మా ఇంటి చెవికి ఎర్ర గుడ్డపీలిక కట్టి ఉండేది. నేను బడి నుంచి వచ్చేసరికి పక్కింటి సైదమ్మత్త, పసుపు వాసన వేసే కొంగు ముడిలో దాన్ని పెట్టుకొని అరుగు మీద కూర్చుని ఉండేది.

"మీ అమ్మ వరినాటుకు పోయింది బిడ్డా, జర ఆలస్యమైతదట. గీడ బువ్వ తిని పో" అనేది. తిన్నాకే ముడి విప్పేది.

చార్జరు అడుగుదామని ఎదురు ఫ్లాటు బెల్లు కొట్టాను. రెండేళ్లుగా ఎదురెదురుగానే ఉంటున్నాం. ఆయన తలుపు కొంచెమే తెరిచాడు.

"ఎవరింటికి వచ్చిండ్రు?"

నేను మా తలుపు చూపించాను.

"ఆళ్లు లేనట్టున్నరు" అని ఆయన తలుపేసుకున్నాడు.