ఇన్‌ఛార్జ్ సంతకం

మనిషన్నాక తప్పు చేస్తాడు. నర్సన్నాక, చేసిన తప్పు కింద తేదీ, సమయం వేసి సంతకం కూడా పెడుతుంది. అలా నేను సంతకాలతో సహా చేసిన తప్పొకటుంది. దానివల్ల నాచారంలో ఒక ఆసుపత్రి మూడో అంతస్తు మొత్తం ఒక మధ్యాహ్నం పూట ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. పేషెంట్లు కాదండీ, నర్సులు. పేషెంట్లు దిండ్లకి చేరబడి హాయిగా తమాషా చూశారు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తెలివి మాత్రం ఎనభై రెండేళ్లదని గట్టి నమ్మకం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. పీర్జాదిగూడలో అద్దెకుంటూ ఆ ఆసుపత్రిలో ఐదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, మానేసి, ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరాను. ఎమ్మెస్సీ అన్నాక రీసెర్చ్ చెయ్యాలి. ఈమధ్య మా చదువుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట: రోగిని చూసుకునేవాళ్లని ఎవరు చూసుకుంటున్నారు? నర్సుల నిద్ర, నర్సుల నడుంనొప్పి, నర్సుల మనసు. నాకు ఆ మాట తెగ నచ్చేసింది. నీళ్లు తాగితే బాత్రూంకి వెళ్లాలి, వెళ్లడానికి తీరికుండదు అని, ఐదేళ్లు నోరెండబెట్టుకుని డ్యూటీ చేసినదాన్ని మరి.

"నర్సుల ఒత్తిడి మీద చేస్తాను మేడం," అని మా కాలేజీ గైడ్‌కి చెప్పాను.

ఆవిడ నా ఇరవై రెండు ప్రశ్నలూ చూసి, దిద్ది, సరేనన్నారు. "పద్మజా, ఒక్కటే గుర్తుపెట్టుకో. ఎవరు ఏం రాశారో మూడో మనిషికి తెలియకూడదు."

"అది నేను చూసుకుంటాను మేడం."

ఈ వాక్యం కాస్త దాచి ఉంచండి. తర్వాత నవ్వుకోడానికి పనికొస్తుంది.

ప్రశ్నలైతే కుదిరాయి గానీ, కాగితం చూడ్డానికి బోసిగా ఉంది. ఆసుపత్రి కాగితమన్నాక గళ్లుండాలి, గీతలుండాలి, చూడగానే గుండె కొంచెం దడదడలాడాలి. నా దగ్గర పాత వార్డు ఫారం ఒకటి కంప్యూటర్లో ఉంది. డ్యూటీ మారేటప్పుడు ఒక షిఫ్టు వాళ్లు రెండో షిఫ్టుకి వార్డు అప్పజెప్పే కాగితం. దాన్నే తెరిచి, తలకాయ మార్చి, నడుమ నా ప్రశ్నలు కూరాను. కాళ్లకేసి చూడలేదు. అడుగున కుడిచేతి మూల చిన్న గడి ఒకటి అలాగే ఉండిపోయింది. అందులో ఏముందంటే, "ఇన్‌ఛార్జ్ సంతకం".

ఆ ఇన్‌ఛార్జ్ ఎవరో చెప్పాలి. సత్తెమ్మ మేడం. జనగామ వైపు మనిషి, ముప్పై ఏళ్లకి దగ్గరపడ్డ సర్వీసు. చదవకుండా సంతకం పెట్టదు, సంతకం లేని కాగితాన్ని వార్డు గుమ్మం దాటనివ్వదు. నేను చేరిన కొత్తలో సంతకం లేని చీటీ ఒకటి ల్యాబ్‌కి పంపాను. ఆవిడ వేసిన కేకకి నా పుట్టినరోజు ఎప్పుడో కూడా మర్చిపోయాను. అప్పట్నుంచి ఎక్కడ సంతకం గడి ఖాళీగా కనిపించినా నా కాళ్లు వాటంతటవే ఆవిడ టేబుల్ వైపు నడుస్తాయి.

కాగితాలు పట్టుకుని పాత వార్డుకి వెళ్లి, బట్టలు మార్చుకునే గదిలో అందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చాను. పేర్లు రాయక్కర్లేదు, రాసి మడిచి ఈ అట్టపెట్టెలో వెయ్యండి, అంతే. అది సెలైన్ సీసాలొచ్చే పెట్టె, పైన నేనే బ్లేడుతో కంత చేశాను. అందరూ తలూపారు. లావణ్య ఒక్కతే ఊపలేదు. నారపల్లి నుంచి వచ్చే పిల్ల, మూడేళ్ల కూతురుంది. నా తర్వాత చేరింది, నేనే పని నేర్పాను.

"అక్కా, పేరు రాయకున్నా రాత జూసి పట్టేస్తది మేడం. డాక్టర్ల రాతనే సదువుతది, నాదెంత?"

"ఆవిడ చేతికి వెళ్తే కదా!"

"పోదా?"

"నా కంఠంలో ప్రాణముండగా పోదు."

"నైట్లు ఎక్కువైనయ్, నాతోని అయితలేదు అని రాస్తే, చాతగాకుంటే ఇంట్ల కూసో అంటది. గీ నౌకరి లేకుంటె నాకు గడవది అక్కా. నిన్ను నమ్మి రాస్తున్న."

"మా అమ్మ మీద ఒట్టు," అన్నాను. పాపం మా అమ్మ, ఆ సమయంలో గుడివాడలో నిక్షేపంగా ఉంది.

ఇంకో సంగతి. ఫారం నింపడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నువ్వే ఒకటి నింపి చూసుకో అని గైడ్ అన్నారు. నేను మళ్లీ స్టాఫ్ నర్సునైపోయినట్టు ఊహించుకుని, పూనకం వచ్చినట్టు రాశాను. పంతొమ్మిదో ప్రశ్న: "డ్యూటీలో మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేదేమిటి?" నా జవాబు: "ఇన్‌ఛార్జ్ గొంతు. ఆవిడ నాచారంలో పిలిస్తే ఉప్పల్ చౌరస్తాలో ఆటోలు ఆగుతాయి." రాసి, నాకు నేనే నవ్వుకుని, ఆ కాగితం కూడా పెట్టెలో పడేశాను.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి పెట్టె తెరిచాను. సరిగ్గా షిఫ్టు మారే వేళ. ఒకళ్లు వార్డు అప్పజెబుతున్నారు, ఒకళ్లు సంచీ సర్దుతున్నారు, ఫోన్ మోగుతోంది. ఆ హడావుడి చెవిన పడగానే నాలోని పాత స్టాఫ్ నర్సు లేచి కూర్చుంది. కాగితాలు లెక్కపెట్టాను. నాదానితో కలిపి ఇరవై ఏడు. అన్నీ నిండాయి. కానీ అయ్యో, అడుగున ఆ మూల గడి! ఇరవై ఏడింటిలోనూ ఖాళీ!

ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆలోచించేవారు. నేను కట్టకి క్లిప్పు పెట్టి, "సంతకాలు కావాలి మేడం" అని చీటీ రాసి, ఆయమ్మ యాదమ్మ చేతిలో పెట్టాను.

"గివి యేడ ఇయ్యాలె సిస్టర్?"

"ఇన్‌ఛార్జ్ మేడం టేబుల్ మీద పెట్టు. జాగ్రత్త, ముఖ్యమైనవి."

జాగ్రత్త అని కూడా చెప్పానండీ. తర్వాత నాచారం రోడ్డు మీదకొచ్చి, పని పూర్తిచేసిన తృప్తితో చాయ్ తీసుకున్నాను. మొదటి గుటక అమృతంలా ఉంది. రెండో గుటక నోట్లో ఉండగా లావణ్య వచ్చింది.

"అక్కా, డబ్బ ఖాళీగున్నది. కాయితాలు తీస్కున్నవా?"

"తీసుకున్నాను. సంతకాలకి పంపా."

"యేం సంతకాలు?"

"అదే, కింద ఇన్‌ఛార్జ్ సంత..."

ఆ మాట పూర్తికాలేదు. మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. లావణ్య కోప్పడినా బావుండేది. అక్కడే చాయ్ బండి పక్కన రాయి మీద కూలబడి, "నా నౌకరి పోయిందక్కా," అని మెల్లగా అంది. నిజంగా ఆ క్షణంలో నన్ను నేను అసహ్యించుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఒక్కసారే ఇరవై ఏడు నాలుకలు ఊడగొట్టాను.

మూడంతస్తుల మెట్లు పరుగున ఎక్కాను. సత్తెమ్మ మేడం గదికి కిటికీ లేదు. ట్యూబ్‌లైటు కింద కళ్లజోడు సవరించుకుంటూ, ఎర్ర పెన్ను పట్టుకుని అప్పటికే చదువుతోంది.

"మేడం! అవి... అవి తప్పు కాగితాలు. ప్రింటింగ్ మిస్టేక్. ఇచ్చెయ్యండి."

"ఆరు కాయితాలు సదివిన. మిస్టేకేం కనవడలే. మంచిగనే రాసిన్రు."

"ఊరికే సంతకం పెట్టేసినా చాలు మేడం, చదవక్కర్లేదు."

"సదవకుండ సంతకం పెట్టొద్దని నీకు నేర్పిందెవరు?"

"మీరే మేడం."

"మరి కూసో."

కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులెందుకు, తిన్నగా కాలినవాళ్ల వార్డులో చేరిపోవడమే. అయినా ఆశ చావదు కదా.

"మేడం, ఆరో నంబరు బెడ్‌కి సెలైన్ అయిపోయినట్టుంది."

"నువ్విప్పుడు స్టాఫ్ గాదు, రీసెర్చ్. కూసో."

ఉప్పల్లో ఉన్న దేవుళ్లందరికీ పేరుపేరునా మొక్కాను. ఎవరు విన్నారో, ఠక్కున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు కట్ట లాగేద్దామని చీకట్లో చెయ్యి చాచాను. సత్తెమ్మ మేడం కోటు జేబులోంచి, పేషెంట్ల కంటిపాప చూసే చిన్న టార్చి తీసి నా చేతి మీద వేసింది. తర్వాత నా మొహం మీద వేసింది. మళ్లీ కాగితం మీదకి తిప్పుకుని చదువుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర ఆ టార్చి ఉండదు.

కరెంటు వచ్చింది. ఆవిడ చేతిలోకి నా కాగితం కూడా వచ్చింది.

"గిది నీ రాత."

"అబ్బే..."

"ఏంది? నాచారంల పిలిస్తే ఉప్పల్ చౌరస్తాల ఆటోలు ఆగుతయా?"

ఆవిడ మామూలుగానే అడిగింది. కానీ ఆ మామూలుకే వార్డంతా నిశ్శబ్దమైపోయింది. తలుపు సందులోంచి చూస్తే నర్సులందరూ మందుల బల్ల దగ్గర బొమ్మల్లా నిలబడి ఉన్నారు. మూడో బెడ్ తాత మాత్రం మంచమ్మీంచి, "ఆగుతయమ్మా, నిజమే!" అన్నాడు.

సత్తెమ్మ మేడం మళ్లీ కట్ట వైపు తిరిగింది. ఆ కాగితం పక్కనపెట్టి ఇంకోటి తీసింది. లావణ్య రాత. దాన్ని రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, ఆ పిల్లనేమీ అనకండి. తప్పంతా నాది. నేనే రాయించాను. కావాలంటే నా రీసెర్చ్ ఆపేస్తాను, కాలేజీకి ఫిర్యాదు చెయ్యండి. ఆ పిల్లని మాత్రం..."

"ఆగు జర." ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు ఐదేళ్లలో తెలియలేదు. "నారపల్లికెల్లి తెల్లారంగనే రావాలంటె ఆడపిల్లకు బస్సు దొర్కదని నైట్లు ఏసిన. మంచి జేస్తున్న అనుకున్న. పగటీలి పిల్లతోని కన్ను మూస్తలేదని నాకెట్ల ఎర్కైతది? ఒక్కమాట నోటితోని జెప్పొద్దా?"

"భయం మేడం."

"గంత భయమా?" అని మళ్లీ అసలు గొంతుతో అడిగింది. బయట ఏదో ట్రే కింద పడింది. "సూసినవా? నేనేమన్న అన్ననా? చెవి సక్కగ ఇనవడది నాకు. నా మాట నాకే ఇనవడాలని గట్టిగ మాట్లాడ్త."

ఐదేళ్లు ఆ గొంతు మీద జోకులేసుకుని బతికాను. ఒక్కనాడు కూడా ఆవిడ చెవి గురించి అడగలేదు. నర్సుని కదా, నేను!

అప్పుడావిడ చెయ్యి చాచింది. "నాకెందుకియ్యలే కాయితం?"

"ఇది నర్సులకి మేడం, ఇన్‌ఛార్జ్‌లకి..."

"ఇన్‌ఛార్జ్ నర్సు గాదా? తే."

ఖాళీ ఫారం ఇచ్చాను. ఇరవై రెండు ప్రశ్నలకీ నెమ్మదిగా, గుండ్రంగా రాసింది. పంతొమ్మిదో ప్రశ్న దగ్గర, ఎక్కువగా ఇబ్బంది పెట్టేది: "ఈ ప్రశ్నలు రాసిన పిల్ల" అని రాసింది. ఆఖరి ప్రశ్న నాకు బాగా ఇష్టమైనది, "మీరు ఎలా ఉన్నారని డ్యూటీలో మిమ్మల్ని చివరిసారి అడిగింది ఎవరు?" దాని కింద రెండే మాటలు రాసింది: "ఈ కాయితం."

ఏడుద్దామనుకునేలోపు ఆవిడ కాగితం నావైపు తిప్పి, అడుగున మూల గడి మీద వేలు పెట్టింది.

"పెట్టు సంతకం."

"నేనా? అది ఇన్‌ఛార్జ్..."

"నా కాయితానికి నేనే ఎట్ల పెట్టుకుంట? సంతకం లేంది నా వార్డుకెల్లి బయటికి పోదు. పెట్టు. టైం గూడ ఎయ్యి."

పెట్టాను. మూడు గంటల పది నిమిషాలు. మిగతా ఇరవై ఏడింటికీ ఆవిడే, ఒక్కోటీ చదివి మరీ, సంతకం పెట్టి ఇచ్చింది.

మర్నాడు రోస్టర్ మారింది. లావణ్యకి నైట్లు సగమయ్యాయి, మిగతావి పగటి డ్యూటీలు, బస్సు దొరికే వేళకి. నా రీసెర్చ్ మాత్రం గైడ్ చేతిలో అక్కడికక్కడే ప్రాణం విడిచింది. "ఇరవై ఏడు రహస్యాలకి సంతకాలు పెట్టించుకొచ్చావా!" అని తల పట్టుకుని, అన్నీ పక్కన పారేసి, మల్లాపూర్‌లో ఇంకో ఆసుపత్రికి వెళ్లి మొదట్నుంచీ చెయ్యమన్నారు. లావణ్య నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు. పదహారో రోజు ఫోన్ చేసింది. "అక్కా, క్యాంటీన్ పప్పు నీళ్లలెక్కుంటున్నది. దాని మీద గూడ ఒక రీసెర్చ్ జేసి, గట్లనే మేడం టేబుల్ మీద పెట్టరాదు?"

కాబట్టి పాఠకులారా, ఇందుమూలంగా నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరి రహస్యమైనా నా చేతికొస్తే, దాన్ని ఏ టేబుల్ మీదా పెట్టను, ఏ ఆయమ్మకీ ఇవ్వను, ఏ కాగితం అడుగునా సంతకం గడి ఉంచను. ప్రాణం పోయినా సరే, నేను రాసింది ఏ ఇన్‌ఛార్జ్‌కీ చూపించను.

ఈ ప్రతిజ్ఞ మీ దాకా పంపేముందు సత్తెమ్మ మేడంకి ఒకసారి చూపించాను. చదివి, సంతకం పెట్టింది.